నాచు నేర్పిన పాఠం

నిదానమే ప్రధానమని తెలుగు పెద్దలు చెబుతారు. సబ్ర్ కా ఫల్ మీఠా అని మా ఇంట ఉర్దూలో చెబుతారు. ఒకే నీతిని రెండు భాషలలో చిన్ననాటి నుండి విన్న మేము, దానిని ఒక గాజుతొట్టిలో పెరిగిన నాచు వద్దకు చేరిన తరువాత గాని గ్రహించలేకపోయాము. ఆ అనుభవాన్ని తోటి విద్యార్థులతో పంచుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేమనగా ఇద్దరు అన్నదమ్ములము, ఒక చెల్లెలు. మా అబ్బా చిలకలూరిపేట పరిసరాలలో ముప్పై ఏండ్లు కౌలు భూమిలో ప్రత్తి, మిరప సాగు చేసిన రైతు. 2022లో ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది, మాట పోయింది. పొద్దు పొడుపు నుండి పొద్దు గూకే వరకు చేలో గడిపిన మనిషి ముందుగదిలోని కుర్చీకి పరిమితమై గోడవైపు చూస్తూ కూర్చుండేవారు. ఆయనకు చీరాల వద్దనున్న వాడరేవు సముద్రమంటే ఎంతో ప్రీతి. ఆయన సముద్రం వద్దకు పోలేరు గనుక సముద్రాన్నే ఆయన ఎదుటికి తీసుకొని రావలెనని మేము సంకల్పించాము.

2023 జనవరిలో మూడడుగుల పొడవు గల గాజుతొట్టిని కొన్నాము. రాళ్లు, ఇసుక పోగా అందులో 160 లీటర్ల నీరు పట్టింది. లీటరుకు 35 గ్రాముల లెక్కన అయిదున్నర కిలోలకు పైగా సముద్రపు ఉప్పు కలిపాము. నీరు మాత్రం మా ఇంటి బోరు నీరే. పగడాలు కూడ పెట్టవలెనని ఆశపడ్డాము గాని, మన దేశపు సముద్రాలలోని రాతి పగడాలు 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నవనీ, వాటిని పెరికి తెచ్చుట నేరమనీ తెలిసి ఆ ఆలోచన విరమించుకొన్నాము. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు క్లౌన్ చేపలను హాచరీలలో పెంచే పద్ధతిని రూపొందించి ఉన్నారు. అట్లు హాచరీలో పుట్టిన క్లౌన్ చేపల జంటను, కొన్ని నత్తలను, రెండు చిన్న రొయ్యలను కొన్నాము. అయితే అయిదు వారాలు ఆగి గాని వాటిని నీటిలో వదలలేదు. క్రుళ్లిన పదార్థం నుండి పుట్టే అమ్మోనియాను ఒక జాతి బాక్టీరియా నైట్రైట్‌గాను, మరొక జాతి దానిని నైట్రేట్‌గాను మార్చాలి. ఆ సూక్ష్మజీవులు రాళ్లపై స్థిరపడనిదే చేప బ్రతుకదు.

ఆ నిరీక్షణ కాలంలోనే ఇసుకపై గోధుమరంగు పొడి పరచుకొన్నది. మేము కంగారుపడి రోజూ తుడిచాము. మరునాటికి మళ్లీ వచ్చేది. కళాశాల ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని క్రింద చూడగా అవి డయాటమ్‌లు. ఒక్కొక్కటి గాజుపెట్టెలో దాగిన ప్రాణి. వాటి కవచానికి కావలసిన సిలికా బోరు నీటిలో పుష్కలంగా ఉండును. క్రొత్త తొట్టిలో ఇవి రావడం సహజము; ఆ సిలికా తరిగినకొద్దీ వాటంతట అవే తగ్గిపోవును. మా తొట్టిలోను అట్లే తగ్గినవి. ఓపిక పట్టుటయే దానికి మందు.

చేపలు వచ్చిన నాటి నుండి అబ్బా ముఖంలో కళ వచ్చింది. ఎడమచేతితో ఆయన మేత వేసేవారు. ఆయన వేసిన పిదప మేము, మా తరువాత చెల్లెలు, రంజాన్ పండుగకు వచ్చిన బంధువులు, వారి పిల్లలు, అందరును తలా ఒక చిటికెడు. చేపలు తిన్నది కొంత, అడుగున క్రుళ్లినది మరికొంత. దానినుండి పుట్టిన నైట్రేట్, ఫాస్ఫేట్ నీటిలో పేరుకొన్నవి. దానికి తోడు ఆవిరైపోయిన నీటికి బదులు బోరు నీరే పోస్తూ వచ్చాము. ఆవిరయ్యేది శుద్ధజలం మాత్రమే. అందులోని లవణాలు తొట్టిలోనే మిగిలిపోవును. కనుక పోసిన ప్రతి చెంబు క్రొత్త ఎరువే అయినది. మే నెల వచ్చేసరికి రాళ్లన్నింటికి పచ్చని జుట్టు మొలిచింది.

దాని వెనుకనే ఇసుకపై ఎర్రని, జిగురైన పొర పరచుకొన్నది. చివర పట్టి లాగితే తడిగుడ్డవలె ఊడి వచ్చేది. దానిలో గాలి బుడగలు, ఒక విధమైన దుర్వాసన. దీనిని నాచు అనుకొన్నాము గాని ఇది నిజానికి నాచు కాదు, సయనోబాక్టీరియా. మన పాఠ్యపుస్తకాలలో నీలి ఆకుపచ్చ శైవలాలని చదివినది ఈ వర్గాన్నే. భూమిపై ప్రాణవాయువును మొదట నింపినది ఈ జాతి సూక్ష్మజీవులే. బహీరా-ఎ-అహ్మర్, అనగా ఎర్ర సముద్రానికి ఆ పేరు రావడానికి వీటి బంధువొకటి నీటిపై తెట్టెకట్టడమే కారణమని కొందరి అభిప్రాయము. అంతటి పురాతన ప్రాణికి మా తొట్టిలో నీరు కదలని మూల, మిగిలిన మేత దొరికినవి. ఇక కావలసిన దేమున్నది?

జూన్ నెలలో ఒకనాడు పొరుగు బాబాయి వచ్చి చూసి, “మా చెరువుకు నాచు పడితే మైలుతుత్తం మూటగట్టి నీళ్లలో వేలాడదీస్తాము బాబూ, రెండు రోజుల్లో తేట పడుతుంది,” అన్నారు. ఆయన మాట చెరువు మట్టుకు అబద్ధం కాదు. మేము ఆ సాయంత్రమే ఒక చిటికెడు మైలుతుత్తం గ్లాసులో కరిగించాము. అబ్బా ఎడమచేయి ఎత్తి అటూ ఇటూ ఊపారు. దాహమేమో అనుకొని మంచినీళ్లు ఇచ్చాము. ఆయన త్రాగలేదు. చేయి ఊపుతూనే ఉన్నారు. మేము గ్లాసును తొట్టిలో ఒంపాము.

రాత్రి పదిగంటలకు నత్తలు గాజును వదలి ఒక్కొక్కటే క్రింద పడినవి. రొయ్యలు తెల్లబడి ఒరిగినవి. తెల్లవారుసరికి చచ్చిన జీవులు క్రుళ్లి నీరు పాలవలె తెల్లబడింది. జంటలో ఒక చేప చనిపోయింది. అబ్బా రాత్రంతా కుర్చీ దిగలేదని అమ్మీ చెప్పింది. ఆయన వద్దన్నారనీ, మేము వినలేదనీ అప్పటికి గాని మాకు అర్థం కాలేదు. నీటి గుంటలో మైలుతుత్తం పడితే నత్తగుల్లలు చచ్చి తేలడం ఆయన కండ్లారా చూసినవారు. చెప్పడానికి మాట లేదు.

తరువాత లెక్క వేశాము. మైలుతుత్తంలో నాలుగవ వంతు రాగి. అరగ్రాము వేసినా 160 లీటర్లలో లీటరుకు 0.8 మిల్లీగ్రాములు. అందులో నాలుగవ వంతు చాలును, వెన్నెముక లేని సముద్రజీవుల ప్రాణం తీయడానికి. పైగా ఆ రాగి రాళ్లలోను, ఇసుకలోను ఇంకి, చాలకాలం కొంచెం కొంచెంగా బయటికి వచ్చును. మిగిలిన ఒక్క చేపను ప్లాస్టిక్ టబ్బులోనికి మార్చి, రాళ్లు, ఇసుక పారవేసి, తొట్టిని మొదటి నుండి ప్రారంభించాము.

ఈసారి రైతు పద్ధతి అవలంబించాము. చేనికి వేసిన ఎరువును ముందు కలుపే తినునని అబ్బా మాకు ఎన్నోసార్లు చెప్పి ఉన్నారు. కలుపు మందు వెదకుటకు ముందు ఎరువు తగ్గించవలెను గదా! మేత రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాలలో తినగలిగినంత. వేయవలసిన వారు అబ్బా ఒక్కరే. బోరు నీటికి బదులు శుద్ధి కేంద్రం నుండి క్యాన్ నీరు తెచ్చి, దానిలోను లవణాలెన్ని ఉన్నవో మీటరుతో చూసిన పిదపనే వాడాము. దీపం ఎనిమిది గంటలు మాత్రమే. కిటికీ ఎండ పడకుండ తెర. నీరు నిలిచే మూలకు చిన్న పంపు. ప్రతి శుక్రవారం 16 లీటర్ల నీరు గొట్టంతో, అడుగు మడ్డితో సహా తీసివేసి, క్రొత్త ఉప్పునీరు పోశాము. మొలిచిన పచ్చజుట్టును చేతితో పీకి, పాత పండ్ల బ్రష్షుతో రుద్దాము. నీరు కుదురుకొన్న తరువాతనే నత్తలను, చేపకొక జతను తెచ్చాము.

ఇంకొక హెచ్చరిక కూడ అవసరము. నాచును చంపవలెనని నీటిలోని పోషకాలను పూర్తిగా సున్నాకు దించుట మంచిది కాదు. అట్టి నీటిలో డైనోఫ్లాజెల్లేట్‌లు తలయెత్తవచ్చును. చీమిడివలె సాగే గోధుమ తీగెలు, చివర బుడగలు వాటి గుర్తు. పైకి డయాటమ్‌లవలె కనబడినను సూక్ష్మదర్శినిలో అవి ఈదుతూ కనిపించును. కొన్ని నత్తలకు విషము కూడ. కనుక శత్రువెవరో తెలియకుండ మందు వేయరాదు.

ఆరు మాసాలకు తొట్టి తేటపడింది. 2024 ఆరంభానికి అబ్బాకు ఒకటి రెండు మాటలు వచ్చినవి. వెనుక గాజుపై పలుచని పచ్చదనం మిగిలి ఉండగా మేము బ్రష్షు తీసుకొని కూర్చున్నాము. అబ్బా ఎడమచేయి ఎత్తారు. ఈసారి ఆగి ఆయనవైపు చూశాము.

“ఛోడో బేటా,” అన్నారు నెమ్మదిగా. ఒక నత్త ఆ పచ్చదనాన్ని మేస్తూ పైకి పోవుచున్నది.

బ్రష్షు ప్రక్కన పెట్టాము. సోదర విద్యార్థులారా! నాచు ఒక జబ్బు కాదు, మనం చేసిన అతికి నీరు చెప్పే సమాధానము. దానిని తుడుచుటకు ముందు అడగవలసినది మనలను మనమే. ఇంటిలో మాటరాని పెద్దలుంటే, వారి చేయి కదలినపుడు గ్లాసు క్రింద పెట్టి ఆగండి. మేము ఆగలేదు.