ఉప్పు బండి ఎవరిది?

బెంగళూరులో ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో జరిగే ఆట చూడ్డానికి కొత్తగా ఎవరొచ్చినా, ఓ అరగంట కూర్చుని అడిగేది ఇదే: "అన్నా, ఈ కథంతా ముందే రాసిపెట్టుకున్నారా?" లేదు. నేను రాసిపెట్టుకునేది ఒక ఊరు, అందులో మనుషులు, వాళ్లలో ఎవరికి ఏం కావాలి, ఎవరికి ఎవరంటే గిట్టదు. అంతవరకే. మిగతాది బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ చేసే పనుల్లోంచి పుట్టాలి.

ఈ ఆట చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు. డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ను 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తీసుకొచ్చారు. కాగితం, పెన్సిలు, ఇరవై ముఖాల పాచిక ఉంటే చాలు, తక్కినదంతా మాటలతోనే నడుస్తుంది. ఆటగాళ్లలో ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. ఒక్కరు మాత్రం మిగతా లోకమంతా అవుతారు. రాజు, దొంగ, వాన, వీధికుక్క, అన్నీ తనే. ఆయన్ని డంజన్ మాస్టర్ అంటారు, పొట్టిగా డీఎం. వేరే ఆటల్లో గేమ్ మాస్టర్ అంటారు.

ఈ కుర్చీ కథకుడిది కాదు, తీర్పరిది. 1824లో రైస్విట్జ్ అనే ప్రష్యా అధికారి, సైనికాధికారుల శిక్షణ కోసం మ్యాపు మీద ఆడే యుద్ధపు ఆట ఒకటి తయారుచేశాడు. రెండు పక్షాలు తమ ఆజ్ఞలు రాసిస్తే, ఏం జరిగిందో తేల్చి చెప్పడం మధ్యలో కూర్చున్నవాడి పని. 1969లో అమెరికాలోని మినెసోటాలో డేవిడ్ వెస్లీ అలాంటి ఆటే ఆడిస్తూ, ఆటగాళ్లలో ఒక్కొక్కరికీ ఆటలోని ఊళ్లో ఒక్కో మనిషి పాత్ర ఇచ్చాడు. ఇద్దరు ఆటగాళ్లు వచ్చి, మేం ద్వంద్వయుద్ధం చేసుకుంటాం అన్నారు. దానికి నియమాలు లేవు. ఆయన అక్కడికక్కడే కల్పించి తేల్చాడు. ఆ గుంపులోని ఆర్నెసన్ దగ్గర్నుంచే ఈ పద్ధతి డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లోకి వచ్చింది. ఎదుటివాళ్లు అనుకోనిది అడుగుతారు, దానికి న్యాయమైన జవాబు చెప్పాలి. యాభై ఏళ్లు దాటినా డీఎం పని అదే.

అనుకోని ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబు చెప్పే విద్య మనకు కొత్తదేం కాదు. ఈ బెంగళూరులోనే 2012లో శతావధాని ఆర్. గణేశ్ మూడు రోజులపాటు పూర్తిగా కన్నడంలో శతావధానం చేశారు. పృచ్ఛకులు ఎటునుంచి ఏం విసిరినా అందుకోవడం, మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు గోల చేస్తున్నా దారం తెగకుండా చూసుకోవడం, ఈ రెండూ డీఎంకీ కావాలి. కాకపోతే అవధానంలో వెలగాల్సింది అవధాని. ఇక్కడ వెలగాల్సింది పృచ్ఛకులు.

ప్రవాసం అనగానే డాలస్, సింగపూర్ గుర్తొస్తాయి గానీ, అనంతపురంలో బస్సెక్కితే నాలుగైదు గంటల్లో దిగే ఈ ఊళ్లోనూ భాష సన్నగిల్లిపోతుంది. ఆఫీసులో ఇంగ్లిషు, కూరగాయల బండి దగ్గర కన్నడం, రాత్రి అమ్మతో ఫోన్లో తిన్నావా, పడుకున్నావా. తెలుగులో బేరమాడి, బతిమాలి, బెదిరించి, అబద్ధమాడి ఎన్నాళ్లయిందో. అందుకే నియమాల పుస్తకం ఇంగ్లిషుదైనా ఆట తెలుగులో ఆడిద్దామని పట్టుబట్టాను.

పెన్నా గండి మీద, గండికోటను తలుచుకుని ఒక కోట కట్టాను. లోపల ఒక ఖైదీ ఉన్నాడు, అతన్ని బయటికి తేవాలి. శ్రీకాకుళం కుర్రాడు, ఖమ్మం కుర్రాడు, మా పక్కింటి కన్నడ మిత్రుడు రాత్రిపూట గోడెక్కే పథకంతో గంట గడిపేశారు. నాలుగో మనిషి కోలారు అమ్మాయి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఈ ముగ్గురి జోరులో ఆమె నోరు విప్పడం తక్కువ. ఆమె పాత్ర నాటువైద్యం చేసే మనిషి. గోల కాస్త తగ్గాక ఆమె వైపు తిరిగి, "నువ్వేం చేస్తున్నావమ్మా?" అన్నాను. కాసేపు ఆలోచించి, "కోటలోకి ఉప్పెవరు తీసుకుపోతారన్నా?" అంది.

నా కాగితాల్లో ఉప్పు ఊసే లేదు. కానీ అంతమంది తినే కోటకి ఉప్పు రాక తప్పదు. బయటినుంచే రావాలి. "సంతరోజున తూర్పు నుంచి బండి వస్తుంది. తోలేవాడు ముసలాయన, మోకాళ్ల నొప్పులతో దిగలేక దిగుతున్నాడు" అన్నాను. మోకాళ్ల నొప్పులు ఆమె వైద్యం కోసం. అంతే, గోడెక్కే పథకం మూలపడింది. ఆమె తైలం కాచి ఇచ్చింది, ముసలాయన నలుగురినీ బస్తాల మధ్య కూర్చోబెట్టాడు.

కోట వాకిట్లో కాపలావాడు బస్తాల్లోకి బల్లెం గుచ్చాడు. కదలకుండా ఉండగలరా? మధ్యరకం కష్టం, పాచికా నేర్పూ కలిపి పదిహేను రావాలి. ఆమె వేస్తే ఏడు పడింది, పాత్ర నేర్పుకి మూడు కలిపినా పదే. ఇక్కడ "దొరికిపోయారు, ఆట అయిపోయింది" అనేయొచ్చు. అది న్యాయమే, కానీ అక్కడితో ఎవరికీ చేయడానికి ఏమీ మిగలదు. దొరకలేదు అనేస్తే పాచికకు విలువ లేదు. బల్లెం ఆమె మందుల సంచిని చీల్చింది. ఉప్పు బస్తాలోంచి తైలం కారింది. కాపలావాడికి అనుమానం వచ్చి ముసలాయన్ని పట్టుకుపోయాడు, బండిని మాత్రం లోపలికి తోలించాడు. ఇప్పుడు నలుగురూ కోటలో ఉన్నారు, విడిపించాల్సినవాళ్లు ఇద్దరయ్యారు. ముందు ఎవర్ని? ఆ వాదన చీకటిపడేదాకా సాగింది. కోలారు అమ్మాయి గొంతే అందరికంటే పైన వినిపించింది. నేను నోరెత్తలేదు.

దారి చూపడమంటే నాకు ఇదే. ఆటగాళ్లు ఎటు తిరిగినా డీఎం అనుకున్న గుమ్మానికే చేర్చే పద్ధతి ఒకటుంది, రైల్‌రోడింగ్ అంటారు. అది నాకు గిట్టదు. పట్టాలమీద కూర్చోబెట్టినవాళ్లకి కిటికీలోంచి చూడ్డం తప్ప పనేముంటుంది? అలాగని ఏ ఆధారమూ ఇవ్వకుండా వదిలేయడమూ తప్పే. ఆటగాళ్లు పట్టుకోవాల్సిన రహస్యం ప్రతిదానికీ కనీసం మూడు ఆనవాళ్లు పెట్టమని జస్టిన్ అలెగ్జాండర్ అనే రచయిత చెప్పిన సూత్రం నేను తప్పకుండా పాటిస్తాను. ఒకటి చూడరు, ఒకటి అపార్థం చేసుకుంటారు, మూడోది పనికొస్తుంది.

ఈ ఆటలో మన రాక్షసుడూ ఉన్నాడు. 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ అనే ఈ ఆట పుస్తకంలో పులి తల పెట్టి, చేతికి పొగపైపు ఇచ్చి బొమ్మ వేశారు. మావాళ్లకి రాక్షసుడంటే మాయాబజార్ ఎస్వీ రంగారావు. కోట కింద గుహలో ఒకణ్ని పెడితే కత్తి ఎవరూ తీయలేదు, అన్నం తిన్నావా అని అడిగారు. నేనూ పుస్తకం మూసేసి, ఆకలిగా ఉందన్నాను. ఈ ఆటకే 2022లో వచ్చిన జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటాడెల్ పుస్తకానికి సారథ్యం వహించినవారిలో ఒకరు అజిత్ జార్జ్. మన పొరుగున హోసూరు వైపు శాంతిభవన్ బడి నడిపే కుటుంబం ఆయనది. ఆ పుస్తకంలోని పదమూడు సాహసాల్లో మిమి మండల్ రాసిన బెంగాలీ నేల ఉంది. తెలుగు నేల లేదు. దాన్ని మనమే రాసుకోవాలి.

రాసేవాళ్లు కూడా దొరుకుతున్నారు. కోలారు అమ్మాయి ఈమధ్య తనే ఆడిస్తానంది. ఊరు వాళ్లదే, 2001లో మూతపడ్డ బంగారు గనులు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లు దాటిన లోతు. "వాళ్లు గనిలోకి దిగమంటే ఏం చేయాలన్నా?" అని అడిగింది. పైన ఎవరెవరున్నారో రాసుకో, దిగకపోతే వాళ్లతో ఆడతారు అన్నాను. ఆట మొదలయ్యే ముందే, ఎవరికి ఏ విషయం బల్లమీదికి రాకూడదో అడిగి తెలుసుకోమన్నాను. గని ప్రమాదాల్లో పోయిన తాతలున్న ఇళ్లు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి. ఆ మాట తనకి ముందే తెలుసంది. గని గేటు ముందర టీకొట్టు నడిపే ముసలమ్మకి పేరు పెట్టేసింది, ఆమె ఎవరికి అరువిస్తుందో ఎవరికి ఇవ్వదో కూడా రాసేసింది. రెండు వారాల్లో ఆట. నేను లిఫ్టు నడిపే మనిషి పాత్ర తీసుకున్నాను.