కరెంటు పెట్టెకో కోక

గరిటె కొనాలన్నా నన్నడిగే మావారు, కరెంటు పెట్టె దగ్గరికొచ్చేసరికి "ఇందులో నీకేం తెలుస్తుందీ?" అనేశారు. మెయిన్ స్విచ్చి ఉండే ఇనప్పెట్టె అది. పెరటి గోడకుంటుంది. దాని పక్కనే కుళాయి. రోజూ తడి చేతులతో అక్కడ మసిలేది నేనూ, మా పనిమనిషీను. ఆయన కాదు. మరి తెలుసుకోవలసింది ఎవరంటారు?

మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. మేడెక్కితే సముద్రం. వచ్చిన చుట్టాలంతా "అబ్బ, ఏం గాలి!" అని మురిసిపోతారు. ఆ గాలిలో ఉప్పు వాళ్ల కంటికి కనబడదు. నాలుగేళ్ల కిందట పెట్టిన పెట్టె అడుగుభాగం జల్లెడైంది. పైకి రంగు నిగనిగలాడుతూనే ఉంది. గోటితో గీకితే అప్పడం పొక్కులా లేచొచ్చింది, లోపలంతా తుప్పు! మొన్న వాన కురిసిన మర్నాడు పనిమనిషి దానిమీద చెయ్యేసి, "జివ్వుమందమ్మా!" అంటూ బిందె వదిలేసింది. నా గుండె ఆగినంత పనైంది. ఎలక్ట్రీషియను విప్పి చూస్తే, తుప్పు అంచుకు రాసుకుని ఒక వైరు తొడుగు చిరిగి ఉంది. అంతకంటె ఘోరం, ఎర్తు తీగ బిగించిన మర కింద రంగు పొర. రంగు అడ్డుంటే కరెంటు భూమిలోకి ఎలా పోతుందండీ? పెట్టె ఒంట్లోనే కాచుక్కూచుంటుంది.

కొత్త పెట్టె కోసం కొట్టుకు నేనే వెళ్లాను. చీరల కొట్టే నయం. ఉత్త రంగు వేసింది, పౌడరు కోటింగుది, గాల్వనైజ్డ్, స్టెయిన్‌లెస్ స్టీలు, ప్లాస్టిక్కు అంటూ వరసగా పెట్టాడు. స్టీలంటే మనకు నమ్మకమే కదా! కానీ ఊరగాయ నిలవుంచిన స్టీలు గిన్నెకు చుక్కలు చుక్కలుగా గుంటలు పడటం మీరూ చూసే ఉంటారు. ఉప్పు దాన్నీ వదలదు. సముద్రపుటొడ్డుకు మాలిబ్డినం కలిసిన 316 రకం మంచిదిట. ధర విని లేచి నిలబడ్డాను.

గాల్వనైజ్డ్ అంటే ఇనుముకు జింకు పూత. కళాయి లాంటిదేగా అనుకుంటాం గానీ, తేడా ఉంది. బిస్కట్ల రేకు డబ్బా మీదుండేది తగరం. గీత పడి ఇనుము బయటపడిందా, తగరం తాను క్షేమంగా ఉండి ఇనుమును బలిపెడుతుంది. జింకు అలా కాదు. గీత పడ్డచోట కూడా తాను కరిగిపోతూ పక్కనున్న ఇనుమును కాపాడుతుంది. ఉమ్మడి కుటుంబంలో పెద్దకోడలన్నమాట. 1824లో హంఫ్రీ డేవీ అనే ఆయన ఓడల అడుగున ఉండే రాగిరేకుల్ని ఇదే ఉపాయంతో కాపాడాడు. రాగి చెడలేదు. కానీ రాగి కరుగుతుంటే దగ్గరికి రాని నత్తలూ నాచూ హాయిగా వచ్చి అతుక్కుని ఓడ నడక మందగించిందిట! ఒకటి చక్కబెడితే ఇంకొకటి.

పెద్దకోడలైనా ఎన్నాళ్లని కరుగుతుంది? ఉప్పుగాలికి జింకూ తొందరగానే తరుగుతుంది. అందుకని జింకు మీద పౌడరు కోటింగు ఉన్నది ఎంచుకున్నాను. రంగుపొడిని కరెంటుతో అంటించి, సుమారు 200 డిగ్రీల పొయ్యిలో కరిగిస్తారు. అందులోనూ పాలియెస్టరు పొడి కావాలన్నాను. ఎపాక్సీ అయితే ఎండకు సుద్దలా రాలుతుంది. కొట్టువాడు నన్నోసారి, మావారినోసారి చూశాడు.

బిగించేటప్పుడు ఎలక్ట్రీషియను పక్కనే నిలబడతానని ముందే చెప్పేశాను. వైర్లు కిందినుంచే రావాలి. తొలిచిన కన్నాల అంచుకు జింకు రంగు పూసి, వైరు రాసుకోకుండా గ్లాండు బిగించాలి. ఎర్తు మర దగ్గర పూత గీకి, లోహానికి లోహం తగిలేలా బిగించి, ఆ తరువాతే పైన పూత. తలుపుకూ పెట్టెకూ మధ్య విడిగా ఓ ఎర్తు తీగ. బందు మీద నమ్మకం పెట్టుకోకూడదు. అన్నిటికీ మించి, 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, ఠక్కున ఆపేసే స్విచ్చి కూడా. "అది ఖర్చండీ" అని నసిగాడు ఎలక్ట్రీషియను. బిందె సొట్ట చూపించాను.

రంగు మాత్రం మావారికే వదిలేశాను. బూడిద రంగు చెప్పారు. పెట్టె గురువారం వస్తుందిట. అందాకా కుళాయికి తాళం, నీళ్లు వీధి గుమ్మం నుంచే.