షాక్ కొట్టకపోతే చాలా?

మా నాగోల్‌లో ఏ గల్లీలోకి వెళ్లినా మనల్ని ముందు చూసేది మనుషులు కాదు, కెమెరాలు. గేటు మీద ఒకటి, మెట్ల దగ్గర ఒకటి, పార్కింగ్‌లో రెండు. మమతా నగర్ అయినా జైపురి కాలనీ అయినా ఇదే సీను.

దీని వెనక ఒక కథ ఉంది. అది మా పక్కనే జరిగింది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్టాపుల దగ్గర రెండు బాంబులు పేలాయి. ఆ ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజాభద్రత చట్టం వచ్చింది. జనం ఎక్కువగా చేరే చోట్ల సీసీ కెమెరాలు తప్పనిసరి అయ్యాయి. తర్వాత పోలీసులు ‘నేను సైతం’ పేరుతో కాలనీలవాళ్లను కూడా కెమెరాలు పెట్టించుకోమన్నారు. మంచి పనే. ఇప్పుడు నేను మెట్రోలో ఆఫీసుకెళ్తుంటే అమ్మ ఇంట్లో ఫోన్ చూసుకుంటూ ధైర్యంగా ఉంటోంది. గేటు దగ్గరికి ఎవరొచ్చారో ఆమెకు వాచ్‌మన్ కంటే ముందే తెలుస్తుంది.

అయితే కెమెరా కొనేటప్పుడు మనం అడిగేవి మూడే ప్రశ్నలు. ఎన్ని మెగాపిక్సెల్స్? రాత్రి కలర్ వస్తుందా? ఫోన్‌లో కనిపిస్తుందా? దానికి కరెంటు ఎక్కణ్నుంచి, ఎలా వస్తోందని మాత్రం ఎవ్వరం అడగం.

మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది కెమెరాలున్నాయి. వాటన్నిటికీ కరెంటిచ్చే పెట్టె మెట్ల కింద, మీటర్ల పక్కన ఉంది. పోయిన ఎండాకాలం గేటు కెమెరా ఒక విచిత్రం మొదలుపెట్టింది. పగలంతా బాగానే ఉంటుంది. రాత్రయితే బొమ్మ పోతుంది, మళ్లీ వస్తుంది. వాట్సాప్ గ్రూపులో అందరూ నెట్‌ని తిట్టారు. నాలుగు రోజుల తర్వాత వాచ్‌మన్ అంకుల్ వచ్చి, “మెట్ల కాడ ప్లాస్టిక్ కాలిన వాసన వస్తున్నది బాబూ” అన్నాడు.

మెయిన్ ఆపేసి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టె తెరిపించాం. లోపల బల్లి గుడ్లు, బూజు, దుమ్ము. వైర్లన్నీ చేత్తో మెలేసి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టి వదిలేశారు. ఒక జాయింటు దగ్గర టేపు కరిగి నల్లగా ముద్దయిపోయింది. వెనకున్న చెక్క మీద అరచేయంత మచ్చ. కెమెరాలు బిగించిన కుర్రాడికి ఫోన్ చేస్తే నవ్వేశాడు. “ఏం కాదన్నా, పన్నెండు వోల్టులే కదా. ముట్టుకున్నా షాక్ కొట్టది.”

మనలో చాలామంది నమ్మకం కూడా ఇదే. షాక్ కొట్టకపోతే సేఫ్. కానీ షాక్ వేరు, మంట వేరు. షాక్‌కి వోల్టులు కావాలి. మంటకి వేడి చాలు.

కాస్త లెక్క చూద్దాం, ఇంటర్ ఫిజిక్సే. రాత్రయ్యాక కెమెరాల్లో కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలుగుతాయి. అందుకే పగటి కన్నా రాత్రి ఎక్కువ కరెంటు లాగుతాయి. ఎనిమిదీ కలిసి 5 ఆంపియర్లు లాగుతున్నాయనుకోండి. అదంతా వెళ్లే లూజు జాయింటులో అర ఓమ్ రెసిస్టెన్స్ చేరిందనుకోండి. అక్కడ పుట్టే వేడి 12.5 వాట్లు. అంతేనా అనిపిస్తుంది. మొబైల్ రిపేర్ షాపులో సోల్డరింగ్ ఐరన్ ఉంటుంది కదా, మామూలుగా అది 25 వాట్లదే. అందులో సగం వేడి గోరంత చోట, ప్లాస్టిక్ చుట్టిన ముద్ద మధ్యలో, అందరూ నిద్రపోయే వేళ రాత్రంతా పుడుతుంది. మా గేటు కెమెరా రాత్రిళ్లే ఎందుకు ఆరిపోయిందో కూడా ఈ లెక్కతోనే అర్థమైంది. జాయింటు దగ్గరే రెండున్నర వోల్టులు పోతే కెమెరాకి మిగిలేదెంత?

“ఎంసీబీ ఉంది కదా, పడిపోతుందిలే” అంటారు. పడదు. ఆ 25 వాట్ల ఐరన్ 230 వోల్టుల లైను నుంచి తీసుకునేది 0.11 ఆంపియర్. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది దోమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎంసీబీ చూసేది ఎక్కువ కరెంటు పోతోందా అనే. లూజు జాయింటు వల్ల కరెంటు పెరగదు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. ఇక ఆర్‌సీసీబీ చూసేది కరెంటు భూమిలోకి లీకవుతోందా అని. టేపు కింద కాలుతున్న జాయింటు ఈ రెండింటికీ కనిపించదు.

ఆ మచ్చ చూసినప్పుడు నాకు భయమేసింది కెమెరా గురించి కాదు, మెట్ల గురించి. ఐదంతస్తుల బిల్డింగ్‌కి మెట్లదారి ఒక్కటే. దాని కింద మీటర్లు, ఈ పెట్టె, ఆనుకుని స్కూటీలు, ఎవరో పడేసిన పాత పరుపు, పోయిన వినాయక చవితి ఫ్లెక్సీలు. నాలుగో అంతస్తులో మోకాళ్ల నొప్పులతో నాన్న.

2025 మే 18, ఆదివారం పొద్దున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో జరిగింది గుర్తుందా? కింద నగల దుకాణం, పైన కుటుంబం. కింద మంట మొదలైంది. షార్ట్ సర్క్యూటే కారణం కావచ్చని అధికారులు మొదట్లోనే చెప్పారు. బయటికి రావడానికి ఉన్నది ఒక్క ఇరుకు దారి. 17 మంది పోయారు. అందులో ఎనిమిది మంది పిల్లలు. అక్కడ కారణం కెమెరా కాదు. కానీ కింద మంట, పైన మనుషులు, మధ్యలో పొగ నిండిన ఒకే ఒక్క దారి. ఆ ప్లాను మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి సరిపోతుంది.

మేం ఆ ఆదివారమే మీటింగ్ పెట్టుకున్నాం. “దొంగలు రాకుండా పెట్టించుకున్నాం, మళ్లీ దీనికో ఖర్చా?” అని ఒక ఆంటీ. “చిన్న వైరుకి ఇంత హడావుడి ఎందుకు బాబూ?” అని ఇంకో పెద్దాయన. నేనేం లెక్చర్ ఇవ్వలేదు. ఆ నల్లటి జాయింటు టేబుల్ మీద పెట్టాను. చేతులు మారుతూ అందరి దగ్గరికీ వెళ్లింది. తర్వాత ఖర్చు గురించి ఎవరూ మాట్లాడలేదు. లెక్కేస్తే ఫ్లాట్‌కి పడింది ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ అంత.

ఏం చేశామో చెప్తా, మీకూ పనికొస్తుంది. ముందు పెట్టెను మెట్ల కింద నుంచి తీసి బయటి గోడకి మార్చాం. చెక్క మీద కాకుండా గాలాడే ఇనుప పెట్టెలో, ఎర్తింగ్‌తో సహా. ఒక్కో కెమెరాకి విడివిడిగా ఫ్యూజ్ ఉన్న పవర్ సప్లై పెట్టించాం. ఇది ముఖ్యం. 10 ఆంపియర్ల సప్లై నుంచి సన్న వైరు లాగితే, ఎక్కడైనా షార్ట్ అయినప్పుడు సప్లై ఆగేలోపే వైరు కాలొచ్చు. మెలేసిన జాయింట్లన్నీ తీసేసి స్క్రూ టెర్మినళ్లు వేయించాం. కేబుల్ పూర్తి రాగిది తెచ్చాం. చవగ్గా వచ్చే వాటిలో చాలావరకు అల్యూమినియం మీద రాగి పూత ఉంటుంది. అది త్వరగా వేడెక్కుతుంది, వంచితే విరుగుతుంది.

కొత్తగా కెమెరాలు పెట్టించుకునేవాళ్లు పీవోఈ గురించి అడగండి. నెట్ కేబుల్‌లోనే దాదాపు 48 వోల్టుల కరెంటు వస్తుంది. అవతల ఉన్నది పీవోఈతో నడిచే పరికరమే అని గుర్తుపట్టాకే స్విచ్ కరెంటు వదులుతుంది, షార్ట్ అయితే ఆ పోర్టుని ఆపేస్తుంది. మధ్యలో మెలేసే జాయింట్ల గొడవే ఉండదు.

ఇంట్లో ఒకటే వైఫై కెమెరా ఉందా? దాంతో వచ్చిన అడాప్టరే వాడండి. కొత్తది కొనాల్సి వస్తే దాని మీద బీఐఎస్ గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే నంబరు చూడండి. ఆ నంబరు అసలుదో కాదో ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో అక్కడికక్కడే తెలిసిపోతుంది. అడాప్టర్‌ని కర్టెన్ వెనకో సోఫా కిందో పెట్టకండి. కరెంటు పోయినా కెమెరా ఆగకూడదని రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెడుతున్నారుగా, అందులో ఉండేది చాలావరకు లిథియం బ్యాటరీ. అది ఉబ్బినట్టు కనిపిస్తే ఆ రోజే పక్కన పెట్టేయండి.

వీధి కెమెరా కోసం కేబుల్‌ని కరెంటు స్తంభాల మీదుగా లాగించకండి. 2025 ఆగస్టులో మాకు దగ్గర్లోనే ఉన్న రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయారు. స్తంభాలకు వేలాడే కేబుళ్ల గురించి ఊరంతా మాట్లాడుకున్నది అప్పుడే.

మంట కనిపిస్తే మెయిన్ ఆపండి, నీళ్లు పోయకండి, 101కి ఫోన్ చేయండి. మెట్లలో పొగ నిండితే కిందికి పరిగెత్తకండి. తలుపు మూసి, కింది సందులో తడి గుడ్డ కుక్కి, బాల్కనీ వైపు వెళ్లండి.

ఇవాళ రాత్రి పది దాటాక ఒక్క పని చేయండి. మీ కెమెరా ప్లాస్టిక్ అడాప్టర్‌ని చేతి వెనక భాగంతో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్లేదు. చెయ్యి ఆనించలేనంత వేడిగా ఉన్నా, ప్లగ్గు దగ్గర రంగు మారినా, కాలిన వాసన వచ్చినా స్విచ్ ఆపేయండి. ఒక్క రాత్రి కెమెరా లేకపోతే కొంపేం మునగదు. ఇనుప పెట్టెలో ఉన్న సప్లై జోలికి మాత్రం మీరు వెళ్లకండి, అది ఎలక్ట్రీషియన్ పని.

మా బిల్డింగ్‌లో ఇప్పుడు నెలకొకసారి ఒక్కో ఫ్లాట్ వాళ్లు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి పెట్టె తెరిపించి, దగ్గరుండి చూసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఈ నెల వంతు మాది. నాన్న మోకాళ్లు పట్టుకుంటూ నాలుగంతస్తులు దిగి చూసి, సంతకం పెట్టి, పక్కన తనే ఒక లైను రాశారు: “మెట్ల కింద పాత పరుపు ఇంకా అక్కడే ఉంది. ఎవరిది?”