గాజు కూజాకి స్క్రీన్ టెస్ట్!

విలన్ సీసా ఎత్తి హీరో నెత్తిన ఒక్కటి వేస్తాడు. సీసా ముక్కలు ముక్కలవుతుంది. హీరో నుదుట సన్నటి ఎర్రగీత... అంతే! హాల్లో మనం ఈలలు వేస్తాం. ఆ సీసా అసలు గాజు కాదని మీలో చాలామందికి తెలిసే వుంటుంది. పూర్వం పంచదార పాకం పోతపోసి చేసేవారు. తర్వాత తేలిగ్గా విరిగే రెజిన్ వచ్చింది.

మా ఇంట్లో పగిలింది మాత్రం అచ్చమైన గాజే! లొకేషన్ వంటింటి సింకు. విలన్ వేషం నాదే!

కథ మొదటినించీ చెప్తాను. నేను సినిమా వ్యాసాలు రాసుకుని బతికేవాణ్ణి. వుద్యోగం కాదు, ఏ పత్రిక అడిగితే ఆ పత్రికకి. పగలంతా ప్రెస్ మీట్లు, రాత్రంతా రాత. పెన్ను మూసేసరికి రెండవుతుంది. ఆ రాతకి తోడు కోల్డ్ బ్రూ కాఫీ అలవాటైంది. వ్యాసం డబ్బులు మూడు నెలలకి వస్తాయి. కాఫీ షాపు వాడు మాత్రం మూడు నిమిషాలు కూడా ఆగడు! అందుకని ఇంట్లోనే చేసుకుందామని నిశ్చయించాను.

ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. కాఫీ గింజలు బొంబాయి రవ్వంత ముతకగా మర పట్టించాలి. మన ఫిల్టరు పొడి పనికిరాదు, మరీ మెత్తన కాబట్టి జల్లెడలోంచి జారిపోతుంది. చికోరీ కలపనిదైతే మంచిది. నేను అరకు గింజలు వాడతాను. మన మన్యంలో పండే ఆ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒక వంతు పొడికి ఎనిమిది వంతుల చల్లటి నీళ్లు పోసి, ఫ్రిజ్‌లో పన్నెండు గంటలు వుంచి, పొడి తీసేస్తే చిక్కటి డికాషన్ తయార్. వేడినీళ్లు తగలవు గనక చేదూ పులుపూ తక్కువ. అలాగని ఘాటు తక్కువనుకోకండి. నిద్ర మాత్రం శుభ్రంగా చెడగొడుతుంది!

దీనికి కావలసిందల్లా ఒక గాజు కూజా, అందులో దిగే సన్నటి స్టీలు జల్లెడ. షాపులవాళ్లు కరాఫ్ అంటారు. పేరు స్టైలుగా వుంది కదూ? నేనూ స్టైలు చూసే కొన్నాను. నాజూకైన మెడ, నిగనిగలాడే ఒళ్లు... క్లోజప్‌కి పనికొచ్చే అందం! వారం తిరక్కముందే అందం సంగతి బయటపడింది. ఆ మెడలో నా చెయ్యి దూరదు. కాఫీ జిడ్డు అడుగున పట్టి ముక్కవాసన మొదలైంది. ఓ అర్ధరాత్రి కోపం వచ్చి, ఫ్రిజ్‌లోంచి తీసిన కూజాలో కాగే నీళ్లు పోశాను. 'టప్' మని ఒక్క చప్పుడు. కూజా రెండు ముక్కలు!

తర్వాత తెలుసుకున్నాను. మామూలు గాజు వేడికి వ్యాకోచిస్తుంది. లోపలి పక్క వేడెక్కి సాగుతుంటే బయటి పక్క చల్లగా బిగుసుకుని వుంటుంది. ఆ పెనుగులాటలో చీలిపోతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జర్మనీలో ఒట్టో షాట్ అనే శాస్త్రజ్ఞుడు గాజులో బోరాన్ చేర్చి బోరోసిలికేట్ గాజు తయారుచేశాడు. అది మామూలు గాజులో మూడో వంతు మాత్రమే వ్యాకోచిస్తుంది. మీ కాలేజీ కెమిస్ట్రీ లాబులో బీకర్లు దీపం మీద పెట్టినా పగలకపోవడానికి కారణం అదే. కూజా కొనేటప్పుడు ఆ మాట వుందో లేదో చూడాలన్నమాట. నేను చూడలేదు!

సరే, రెండోది కొందామనుకుంటున్న వారంలోనే మా ఇంట్లో ఇంకో సంఘటన జరిగింది. అసలు కథ ఇక్కడే ఇంటర్వెల్ దాటింది.

మా నాన్న మద్రాసులో ప్రొడక్షన్ బాయ్‌గా చేరి, పరిశ్రమతో పాటే హైదరాబాదు వచ్చినవాడు. ఎంతమంది తారలకి ఎన్ని వేల కప్పులు అందించాడో లెక్కలేదు. ఎవరికి పంచదార ఎంత, ఎవరికి నురగ ఎంత, ఎవరు షాట్ ముందు తాగుతారు, ఎవరు ప్యాకప్ అయ్యాకే తాగుతారు... అన్నీ ఆయనకి కంఠతా! పేర్లు చెప్పమంటారా? చెప్పను. నా చేత ఒట్టు వేయించుకున్నాడు.

ఇప్పుడాయన చేతులకి వణుకు. నరాల డాక్టరు మందులిచ్చాడు గానీ, ఇది పూర్తిగా పోయేది కాదన్నాడు. అయినా తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి తన కాఫీ తనే పెట్టుకోవాలి. అమ్మ పోయాక ఆ పంతం ఇంకా పెరిగింది. ఆ రోజు ఫిల్టర్లో మరిగే నీళ్లు పోస్తుంటే గిన్నె వణికింది. నేను లేచేసరికి ఎడమచేతికి తడి తువ్వాలు చుట్టుకుని పేపరు చదువుతున్నాడు.

"ఏమైంది నాన్నా?"

"ఏం కాలేదు. చెమట."

చెమటకి చేతికి బొబ్బలెక్కుతాయా? మందు రాస్తూ, "రేపట్నించి నేను పెట్టిస్తాలే" అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. కాసేపాగి, "ముప్పయ్యేళ్లు అందరికీ కాఫీ ఇచ్చాను రా. నాది నేను పెట్టుకోలేకపోతే ఎట్లా?" అన్నాడు. మీకు చెప్పడానికేం... నా గొంతులో ఏదో అడ్డం పడింది.

అప్పుడు తట్టింది. కోల్డ్ బ్రూకి మరిగే నీళ్లు అక్కర్లేదు కదా! నేను రాత్రి డికాషన్ సిద్ధం చేస్తే, తెల్లారి వంచుకునేది ఆయనే. కాఫీ ఆయనదే అవుతుంది.

చెప్తే నవ్వాడు. "కాఫీ చల్లారితే మేం పారబోసేవాళ్లం. మీరు చల్లార్చి డబ్బులు పెట్టి కొంటున్నారా?" అన్నాడు. అయినా నాతో బేగంబజారు బయల్దేరాడు.

నేనైతే స్టీలు జగ్గు కొందామన్నాను. పగలదు కదా! ఆయన ఒప్పుకోలేదు. "స్టీలైతే లోపల ఎంతుందో కనపడదు. వణికే చేతికి ఎంత వంచాలో తెలియాలి గదరా. గాజైతే కాఫీ ముందుకు వస్తున్నది కనపడుతుంది" అన్నాడు. నేను చదివిన బి.ఏ.లో ఈ పాఠం లేదు!

ఇక మొదలైంది స్క్రీన్ టెస్టు. షాపతను వరసగా ఆరు కూజాలు దింపాడు. "నీళ్లు పోసివ్వన్నా" అన్నాను. "కాఫీ కూజాకి కూడా ట్రయలా?" అని నవ్వి, పోసిచ్చాడు. ఖాళీగా పట్టుకుంటే అన్నీ తేలికే. బండారం నిండాకే బయటపడుతుంది. లీటరు కూజా నిండితే కిలోన్నర దాకా తూగింది. నాన్న మణికట్టు వాలిపోయింది. కట్!

రెండోదానికి పిడి లేదు, మెడ పట్టుకుని వంచాలి. తడి చేతిలో జారింది. కట్!

మూడోదానికి మరమూత. తిప్పి తీయాలంటే రెండు చేతులూ కుదురుగా వుండాలి. కట్!

నాలుగోది అడుగు ఇరుకు, బల్లమీద పెడితే వూగింది. అయిదోది వంచితే ధార మూతి వెంబడి కిందికి కారింది.

ఆరోది ఆరువందల మిల్లీలీటర్లది. బోరోసిలికేట్. నాలుగు వేళ్లూ దూరే పిడి, వెడల్పాటి అడుగు, నొక్కి పెట్టే మూత, నా చెయ్యి దూరేంత మూతి, ధార తెగేటట్టు ముక్కు. చూడ్డానికి ఏమంత అందంగా లేదు. నాన్న రెండు చేతులతో ఎత్తి గ్లాసులోకి వంచాడు. రెండు చుక్కలు బయట పడ్డాయి. "ఓకే" అన్నాడు, డైరెక్టర్ చెప్పినట్టు!

షాపతను, "కిందపడ్డా పగలదన్నా" అన్నాడు. అది నమ్మకండి. ఈ గాజు వేడిని తట్టుకుంటుంది గానీ, గచ్చుమీద పడితే ఏ గాజైనా గాజే. అందుకే ఫ్రిజ్‌లో పై అర ఖాళీ చేసి, నాన్న ఛాతీ ఎత్తులో దానికి చోటిచ్చాను. తలుపులో పెట్టలేదు.

ఇప్పుడు మా ఇంటి షెడ్యూలు ఇదీ. మధ్యాహ్నం రెండింటికి అరవై గ్రాముల పొడి, దానికి ఎనిమిదింతలు నీళ్లు. రాత్రి రెండింటికి రాత ముగించి జల్లెడ పైకి తీసేస్తాను. తీయడం మరిస్తే చేదెక్కుతుంది. అది నా రోజులో చివరి పని. నాలుగున్నరకి ఫ్రిజ్ తలుపు చప్పుడు. అది నాన్న రోజులో మొదటి పని.

మొన్న ఓ రోజు ఆ చప్పుడుకి మెలకువ వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి చూశాను. పెద్ద పిడివున్న పింగాణీ కప్పులో సగందాకా డికాషనూ పాలూ వంచుకున్నాడు. రెండు చుక్కలు గట్టుమీద పడితే తుడిచాడు. తర్వాత ఏం చేశాడో తెలుసా? కప్పు తీసుకెళ్లి మైక్రోవేవ్‌లో పెట్టాడు! పన్నెండు గంటలు చలిలో తపస్సు చేసిన కోల్డ్ బ్రూని, ఒక్క నిమిషంలో వేడి కాఫీ చేసేశాడు!

పాత డబరా గ్లాసు ఇంకా స్టవ్ పక్కనే వుంది. దాన్ని తీసెయ్యమని నేను అనలేదు.

ఆయన ఒక గుక్క తాగి, నావైపు తిరక్కుండానే అన్నాడు:

"రేపు పొడి ఇంకో చెంచా వెయ్యి. చప్పగా వుంది."