ఇండియా మంత్రం

2024 జనవరిలో వీపున ఒక సంచి తగిలించుకుని మూడు వారాలు ఘనా దేశంలో తిరిగాను. హేతువాదిగా నాకు ఎన్ని మార్కులు వస్తాయో ఆ ప్రయాణంలో తేలింది. తక్కువే వచ్చాయి. ఆ సంగతే రాస్తున్నాను.

అక్కడ ఊళ్ల మధ్య తిరిగే పాత వ్యాన్లను ట్రోట్రోలంటారు. సీట్లన్నీ నిండేదాకా కదలవు. వెనక అద్దం మీద దేవుడి గురించి ఒక మాట ఉండి తీరాలి. క్షౌరశాల, సెల్‌ఫోన్ కొట్టు, సిమెంటు దుకాణం, అన్నిటి పేర్లలోనూ కృప, ఆశీర్వాదం. నవ్వుకున్నాను. మా వీధిలో శ్రీ వేంకటేశ్వర ఆటో ఎలక్ట్రికల్స్ బోర్డు చూసి ఏనాడూ నవ్వలేదని తర్వాత గుర్తొచ్చింది.

కేప్ కోస్ట్‌లో బానిసల్ని ఓడలెక్కించిన కోట చూశాను. మగ బానిసల్ని కుక్కిన చీకటి కొట్టుకి సరిగ్గా పైన ప్రార్థనా మందిరం. పైన ప్రార్థన, కింద సంకెళ్లు. మతం గురించి నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదనుకుంటూ గర్వంగా బయటికొచ్చాను.

అక్కణ్నుంచి కుమాసీ మీదుగా ఉత్తరాన ఉన్న తమాలే చేరాను. ఆ నెలల్లో సహారా వైపు నుంచి హర్మటాన్ గాలి వీస్తుంది. ఆకాశమంతా దుమ్ము, పెదాలు పగిలిపోతాయి. ఒక చిన్న లాడ్జిలో దిగాను. రెండో రోజు సాయంత్రం చూస్తే గదిలో నా నడుము సంచి లేదు. అందులో పాస్‌పోర్టు, నాలుగు వందల డాలర్లు. మన హైకమిషన్ ఉన్న ఆక్రా అక్కడికి సుమారు 600 కిలోమీటర్లు. నాకు కాళ్లు ఆడలేదు.

లాడ్జి యజమానురాలు పెద్దావిడ. పోలీసుల మాట ఎత్తలేదు. పనివాళ్లనీ, బస చేసినవాళ్లనీ వాకిట్లోకి పిలిచి, "ఈయన ఇండియా నుంచి వచ్చారు. ఈ రాత్రి కూర్చుంటారు. తీసినవాడి కడుపు ఉబ్బుతుంది" అని చెప్పింది. ఆ తర్వాత నాతో మెల్లిగా, "లైటు ఆర్పకండి, చాలు" అంది.

ఇండియా పేరు చెబితే అక్కడ ఎందుకు భయం? రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్లు పశ్చిమాఫ్రికా సైనికులను 81, 82 డివిజన్లుగా బర్మా యుద్ధానికి పంపారు. మన దేశంలో మకాం వేసిన ఆ సైనికులు ఇక్కడి సాధువుల కథలు ఇంటికి మోసుకెళ్లారు. తర్వాత హిందీ సినిమాలు మిగతా పని పూర్తి చేశాయి. ఆ మాజీ సైనికులే 1948 ఫిబ్రవరి 28న ఆక్రాలో తమ బకాయిల కోసం ఊరేగింపు తీస్తే, పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. సర్వీసంతా సైనికుల జీతాలు, పెన్షన్ల లెక్కల్లో గడిపినవాణ్ని కాబట్టి ఆ పెన్షన్ కథ నాకు తెలుసు. వాళ్లు తెచ్చిన మంత్రం కథ మాత్రం ఆ రాత్రే తెలిసింది.

నిద్ర పట్టక మంచం మీద కూర్చున్నాను. అది నిజం. అయితే తలుపు తీసే ఉంచాను. వాకిట్లోంచి నేను కనబడాలనే ఉంచాను. అదీ నిజమే.

తెల్లవారేసరికి సంచి గుమ్మం ముందుంది. ఒక్క నోటు తగ్గలేదు, రెండుసార్లు లెక్కపెట్టాను. అందరూ నా వైపు ఒక రకంగా చూశారు. నాకు మంత్రాలు రావని చెప్పాలి. చెప్పలేదు. థాంక్స్ చెప్పి టీ తాగాను.

రెండు రోజుల తర్వాత ఒక స్కూలు టీచరు సాయంతో గంబాగా వెళ్లాను. మంత్రగత్తెలన్న నిందతో ఊళ్లోంచి తరిమేసిన ఆడవాళ్లు తలదాచుకునే చోటు అది. మట్టి గుడిసెలు. ఎక్కువమంది ముసలివాళ్లు, భర్త పోయినవాళ్లు. కోడిని కోసి వదులుతారట. వెల్లకిలా పడి చస్తే నిర్దోషి, బోర్లా పడితే మంత్రగత్తె. వాళ్లను మళ్లీ ఇళ్లకు చేర్చేందుకు ఏళ్లుగా తిరుగుతున్నది ప్రెస్బిటీరియన్ చర్చివాళ్లు. ఆ మాట కూడా రాయాలి.

ఒకామె తన కథ చెప్పింది. మరిది కొడుకు జ్వరంతో పోయాడు. ఎండాకాలంలో మెనింజైటిస్ వచ్చే ప్రాంతం అది. ఎవరికో కలలో ఈమె కనబడిందట. అంతే. "మీ దేశంలో ఇలా ఉందా?" అని అడిగింది. ఉందన్నాను. బాణామతి చేశారంటూ మెదక్ పల్లెల్లో మనుషుల పళ్లు పీకిన సంగతి చెప్పాను. చెబుతుంటే చేయి నడుము సంచి మీదికి వెళ్లింది. దాన్ని నా దగ్గరికి తిరిగి చేర్చిన నమ్మకమే ఈమెను ఇక్కడికి చేర్చింది. కడుపు ఉబ్బించగల మనిషి ఉంటాడని నమ్మేవాళ్లు, పిల్లవాణ్ని చంపగల ముసలిది ఉంటుందనీ నమ్ముతారు. నేను మగవాణ్ని, విదేశీయుణ్ని కాబట్టి నాకు గౌరవం దక్కింది. ఆమెకు గుడిసె దక్కింది.

2020 జులైలో ఘనాలోని కఫాబా అనే ఊళ్లో తొంభై ఏళ్ల వృద్ధురాల్ని మంత్రగత్తె అని జనం చూస్తుండగానే కొట్టి చంపారు. ఆ తర్వాత, మంత్రగత్తె అని ముద్ర వేయడం నేరమంటూ 2023 జులైలో పార్లమెంటు బిల్లు ఆమోదించింది. అప్పటి అధ్యక్షుడు సంతకం పెట్టలేదు.

తిరుగు ప్రయాణంలో మళ్లీ ఆ లాడ్జికే వెళ్లి, పనివాళ్ల ముందే ఆవిడతో చెప్పాను: "నాకు ఏ మంత్రమూ రాదు. మా దేశంలో ఎవరికీ రాదు. ఆ రాత్రి నేను ఊరికే కూర్చున్నాను." ఆవిడ నవ్వి, "తెలిసినవాళ్లు అలాగే అంటారు" అంది.

నమ్మకం ఎదుటివాడికి నష్టం చేసినప్పుడు దాన్ని ఖండించడం తేలిక. ముప్ఫై ఏళ్లుగా నేను చేసింది అదే. నాకే లాభం తెచ్చిన రోజున నోరు విప్పడానికి నాకు వారం పట్టింది. అప్పటికి నా మాట ఎవరూ నమ్మలేదు.