వీధి చివరి కుళాయి

1994 పంచాయతీరాజ్ చట్టము వచ్చాక, 1995 ఎన్నికలలో మా వార్డు స్త్రీలకు కేటాయించబడినది. మా దంపతులలో ఇల్లాలు సభ్యురాలైనది. కాని సమావేశాలకు వెళ్ళినది భర్త. తీర్మానాల పుస్తకము ఇంటికే వచ్చేది, సంతకము మాత్రము ఆమెది. అది తప్పని మేమిద్దరమూ అనుకోలేదు.

అప్పుడు మా ధ్యాసంతా వీధి దీపాలమీద, సిమెంటు రోడ్డుమీద. మొదటి దీపము మా ఇంటి ముందే వెలిగినది. ఒక వర్షాకాలములో వీధి చివరి ఇళ్ళలో వాంతులు, విరేచనాలు మొదలై ఒక పసిబిడ్డ కన్నుమూసినది. మంచినీటి గొట్టము మురుగు కాలువలో పగిలి ఉన్నదని అక్కడి తల్లులు కుళాయి దగ్గర ఎన్నోసార్లు చెప్పారు. విన్న మనిషి సమావేశములో లేదు. సమావేశములో ఉన్న మనిషి వినలేదు. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

తరువాతి సమావేశానికి ఆమే వెళ్ళినది. గొట్టము మార్చాలని, ట్యాంకులో క్రమముగా బ్లీచింగ్ పౌడరు కలపాలని పట్టుబట్టినది. 2013లో మరల గెలిచినప్పుడు మేము దీపాల మాట ఎత్తలేదు. మురుగు కాలువలు, మరుగుదొడ్లు, ముసలివారి పింఛన్లే మా పని అయినవి. భర్త దరఖాస్తులు వ్రాసిపెట్టేవాడు, అంతే.

ఇప్పుడు మాకు పదవి లేదు. అయినా వాన కురిసిన మరునాడు ఆ చివరి కుళాయి నీరు గ్లాసులో పట్టి చూస్తాము. మీ ఊరి గ్రామసభకు మీ ఇంటి ఆడవారిని కూడా వెళ్ళనివ్వండి. వారు చెప్పేది ముందు ఇంట్లో వినండి.