రెండో బంతి

తెలుగులో 'బంతి' అనే మాటకు మూడు అర్థాలున్నాయి. పెరట్లో పూసేది ఒకటి. పిల్లలు ఆడుకునేది రెండోది. పెళ్ళిలో అందరూ వరసగా కూర్చుని భోంచేసేది మూడోది. ఇరవై ఏళ్ళుగా కాలేజీలో ఈ భాషే పాఠం చెప్పుకుంటున్నాను గనుక ఈ అర్థాలు నాకు కొత్తవి కావు. కాని ఆడుకునే బంతికీ, భోజనాల బంతికీ దగ్గిర చుట్టరికం ఉన్నదని నాకు తోపింపజేసినవాడు మాత్రం అంబటి రాయుడు.

క్రికెట్ అంటే గిట్టని పాఠకులు పేజీ తిప్పవద్దని మనవి. ఈ కథ మైదానంలో మొదలైనా, జరిగేది మన ఇళ్ళలోనే.

రాయుడు 1985లో గుంటూరులో పుట్టాడు, హైదరాబాదులో ఆటగాడయ్యాడు. 2004లో పందొమ్మిదేళ్ళలోపు కుర్రాళ్ళ ప్రపంచ పోటీకి భారత జట్టు నాయకుడుగా వెళ్ళాడు. పెద్దల జట్టులో చోటు కోసం మాత్రం 2013 దాకా కాచుకోవలసి వచ్చింది. మొత్తం 55 వన్డేలాడి 1,694 పరుగులు చేశాడు. సగటు 47. సామాన్యమైన లెక్క కాదు. 2018లో జట్టు నాయకుడు కోహ్లీయే, నాలుగో స్థానానికి ఇతనే తగినవాడని నలుగురిలో చెప్పాడు. 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టన్‌లో 18 పరుగులకే నాలుగు వికెట్లు కూలిన వేళ, రాయుడు నిలబడి 90 పరుగులు చేసి జట్టు పరువు కాపాడాడు.

తీరా ఏప్రిల్ 15న ప్రపంచకప్ జట్టు పేర్లు చదివితే అందులో అతని పేరు లేదు. ఆ చోటు విజయ్ శంకర్‌కు దక్కింది. అతను మూడు కొలతల్లోనూ పనికివస్తాడని ఎంపిక సంఘం అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్ కారణం చెప్పారు. ఆయనదీ గుంటూరు సీమే. ప్రపంచకప్ చూడటానికి త్రీడీ కళ్ళద్దాలు తెప్పించుకుంటున్నానని రాయుడు ఒక చురక వేశాడు. తర్వాత ఇంగ్లండులో ఇద్దరు ఆటగాళ్ళు గాయపడ్డారు. ఒకరి బదులు పంత్‌నూ, మరొకరి బదులు మయాంక్ అగర్వాల్‌నూ పిలిచారు. అవసరమైతే పిలుస్తామని వరసలో నిలబెట్టిన రాయుణ్ణి మాత్రం పిలవలేదు. జూలై 3న అతను అన్ని రకాల క్రికెట్‌కూ నమస్కారం పెట్టేశాడు.

మన పెళ్ళిళ్ళలో అలకపాన్పు అని ఒక వేడుక ఉన్నది గదా. పెళ్ళికొడుకు అలిగి కూర్చుంటాడు, మామగారు బతిమాలతాడు, గొలుసో, గడియారమో చేతిలో పడగానే అలక తీరుతుంది. అందరూ నవ్వుకుంటారు. కాని నిజంగా అలిగినవాడి పరిస్థితి వేరు. అతనికి బతిమాలేవాడు కావాలి గాని, బతిమాలించుకోవటానికి అభిమానం అడ్డు వస్తుంది. పైగా రాయుడు అలిగినది ఒక ఇంటి మీద, మానేసినది అన్ని ఇళ్ళ భోజనం. భారత జట్టు ఎంపిక సంఘం చేసిన పనికి, హైదరాబాదులో అతని పక్కన ఆడే కుర్రాళ్ళేం చేశారు? చెరువు మీద అలిగినవాడి సామెత పాఠకులకు తెలిసిందే. పూర్తిగా రాస్తే సంపాదకులు ఒప్పుకోరు.

రెండు నెలలు తిరక్కముందే, ఆగస్టు చివర్లో, అతను హైదరాబాదు క్రికెట్ సంఘానికి ఉత్తరం రాశాడు. ఆవేశంలో తీసుకున్న నిర్ణయమనీ, తిరిగి ఆడదలిచాననీ దాని సారాంశం. తనలో ఇంకా ఆట మిగిలి ఉన్నదని నచ్చజెప్పిన చెన్నై సూపర్ కింగ్స్ వారికీ, వి.వి.ఎస్. లక్ష్మణ్‌కూ, నోయెల్ డేవిడ్‌కూ కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. సంఘం వారు సరేనన్నారు. అనటమే కాదు, సెప్టెంబరులోనే విజయ్ హజారే పోటీకి అతన్నే నాయకుణ్ణి చేశారు.

ఇక్కడే మా స్టాఫురూము రెండు పక్షాలుగా చీలింది. "ఇష్టమొచ్చినప్పుడు పోయి, ఇష్టమొచ్చినప్పుడు వస్తే అది జట్టా, సత్రమా?" అన్నారు మా లెక్కల మాస్టారు. "ఇంటి బిడ్డ తిరిగొస్తే తలుపేసుకుంటారా?" అన్నారు చరిత్ర చెప్పే ఆవిడ. ఇంటికొచ్చి చెబితే మా శ్రీమతి మూడో పక్షం తేల్చింది: "చిరంజీవి 2007లో సినిమాలు వదిలి రాజకీయాల్లోకి పోయి, 2017లో 'ఖైదీ నంబర్ 150'తో మళ్ళీ వస్తే జనం నెత్తిన పెట్టుకోలేదూ? ఆటగాడికి మాత్రం అడ్డెందుకు?"

ప్రశ్న బాగానే ఉంది. కాని సినిమాకూ, ఆటకూ ఒక తేడా ఉన్నది. ఒక నటుడు తిరిగొస్తే ఇంకో సినిమా మొదలవుతుంది. ఒక ఆటగాడు తిరిగొస్తే పన్నెండో ఆటగాడు మొదలవడు. జట్టు బంతిలో పరిచేవి పదకొండే విస్తళ్ళు. లేచి వెళ్ళినవాడు తిరిగివస్తే వాడు మంచివాడా, గొప్పవాడా, పశ్చాత్తాపపడ్డాడా అని మనం వాదించుకుంటాం. అడగవలసిన మొదటి మాట అది కాదు. వాడి విస్తరి ఇంకా ఖాళీగా ఉన్నదా, లేక ఎవరైనా కూర్చుని కలుపుకుంటున్నారా? సగం తిన్నవాణ్ణి లేపి, వచ్చినవాణ్ణి కూర్చోబెట్టడం ఏ పల్లెలోనూ మర్యాద కాదు. వచ్చినవాడు ఎంత పెద్ద చుట్టమైనా సరే, "రెండో బంతిలో కూర్చుందురు రండి" అంటాం.

విస్తరి ఖాళీగా ఉంటే మాత్రం వయస్సు కూడా అడగనక్కరలేదు. 1977లో ప్యాకర్ అనే పెద్దమనిషి డబ్బు కుమ్మరించి ఆస్ట్రేలియా ఆటగాళ్ళను తన పోటీలకు తరలించుకుపోయాడు. బంతి బంతంతా ఖాళీ. పదేళ్ళ క్రితం తప్పుకున్న బాబ్ సింప్సన్‌ను, 41 ఏళ్ళవాణ్ణి, మళ్ళీ నాయకుడుగా పిలిచారు. అతను వచ్చి పెర్త్‌లో 176 పరుగులు చేశాడు. మన జట్టు మీద ఆ వరస ఆటలను 3–2తో గెలిపించాడు. మన సి.కె. నాయుడుగారిదీ ఆ కోవే. 1932లో భారతదేశపు మొదటి టెస్టుకు నాయకత్వం వహించిన ఆయన, 1953–54లో ఆంధ్ర జట్టు మొట్టమొదటిసారి రంజీ పోటీలకు దిగినప్పుడు, 58 ఏళ్ళ వయస్సులో దానికి నాయకుడుగా నిలబడ్డారు. అప్పుడే పందిరి వేసుకున్న ఇల్లు అది. పెద్ద ముత్తైదువలా ఎవరో ఒకరు ముందు కూర్చోవాలి. ఆయన ఎవరి విస్తరీ లాక్కోలేదు.

విస్తరి నిండి ఉంటే ఏం చెయ్యాలో అమెరికావారి ఫుట్‌బాల్ నుంచి ఒక ఉదాహరణ చెబుతాను. అది మనం కాళ్ళతో తన్నే ఆట కాదు. అందులో బంతి చేతబట్టి, ఎవరికి విసరాలో క్షణంలో నిర్ణయించే ఆటగాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు. జట్టుకు సారథి వాడే. గ్రీన్ బే అనే చిన్న ఊరి జట్టుకు పదహారేళ్ళు సారథ్యం చేసిన బ్రెట్ ఫావ్ 2008 మార్చిలో కన్నీళ్ళతో సెలవు తీసుకున్నాడు. వేసవిలో మనసు మారి మళ్ళీ వస్తానన్నాడు. కాని ఆ చోటు కోసం మూడేళ్ళుగా బల్ల మీద కూర్చుని కాచుకున్న ఆరన్ రాడ్జర్స్‌కు జట్టువారు అప్పటికే మాట ఇచ్చారు. అభిమానులు తిట్టిపోసినా మాట తప్పలేదు. ఫావ్‌ను న్యూయార్కు జట్టుకు పంపించారు. 2011 ఫిబ్రవరిలో ఆ రాడ్జర్సే వారికి పెద్ద కప్పు తెచ్చిపెట్టాడు. కప్పు రాకపోయినా వారు చేసినది న్యాయమే అయి ఉండేదని నా అభిప్రాయం.

మళ్ళీ రాయుడి దగ్గిరకు వద్దాం. అతను అలిగి లేచినది రెండు ఐపీఎల్ పోటీల మధ్యకాలంలో. చెన్నైవారు అతని చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. తిరిగి పిలవటం వల్ల ఆ జట్టులో ఏ కుర్రాడి కడుపూ మాడలేదు. పైగా వారు అతనికి పెత్తనం ఇవ్వలేదు, పాత పనే ఇచ్చారు. 2020 సెప్టెంబరు 19న అబుదాబిలో, పోటీ మొదటిరోజునే, ముంబయి మీద 48 బంతుల్లో 71 పరుగులు కొట్టాడు. చెన్నై 2021లో గెలిచింది, 2023లో గెలిచింది. ఆ చివరి ఆటలో రాయుడు ఎనిమిది బంతుల్లో 19 పరుగులు చేసి, ఈసారి నవ్వుతూ సెలవు తీసుకున్నాడు. కప్పు అందుకునేటప్పుడు ధోనీ అతన్ని పక్కకు పిలిచి ముందు నిలబెట్టాడు.

హైదరాబాదు కథ వేరు. వస్తూనే పెద్దపీట వేశారు. నవంబరులో రాయుడు, సంఘంలో అవినీతి ఉన్నదనీ, జట్టు ఎంపికలో రాజకీయాలు చొరబడ్డాయనీ బహిరంగంగా చెప్పి, ఆ ఏడాది రంజీ ఆటలకు దూరంగా ఉండిపోయాడు. అతని ఆరోపణల్లో నిజమెంతో తేల్చటం నా పని కాదు. పూర్తిగా నిజమే కావచ్చు. నేననేదల్లా ఒకటే. అలిగి వెళ్ళి వచ్చినవాడికి మొదటి నెలలోనే ఇంటి తాళాలిస్తే, రెండోసారి అలిగినప్పుడు తాళాలు కూడా అతనితోనే వెళతాయి. బ్యాటు ఇవ్వవలసింది; నాయకత్వానికి ఒక ఏడాది ఆగవలసింది.

వెళ్ళటంలో కూడా ఒక మర్యాద ఉన్నది. రాయుడికి నచ్చజెప్పిన లక్ష్మణ్, 2012 ఆగస్టు 18న తానే తప్పుకున్నాడు. 134 టెస్టులాడిన మనిషి. న్యూజిలాండు మీద ఆడే జట్టులో అప్పటికే అతని పేరున్నది. అయిదు రోజుల్లో సొంత ఊరు హైదరాబాదులోనే టెస్టు. దండలూ, దుశ్శాలువాలూ సిద్ధంగా ఉన్న వేళ, కుర్రాళ్ళకు చోటివ్వాలని లేచిపోయాడు. విస్తరి వేసి పిలిచినా, "నాకు చాలు, పిల్లల్ని కూర్చోబెట్టండి" అన్న పెద్దమనిషి తీరు అది.

ఇదంతా పెద్దవాళ్ళ సంగతి. మా రాయచోటిలో చూసిన సంగతి ఒకటి చెప్పకుండా ముగించలేను. ఈ ప్రాంతంలో కువైట్‌లో ఒకరైనా లేని వీధి అరుదు. మా పక్క వీధి జట్టులో మూడో స్థానంలో ఆడే ఒకతను పెళ్ళయిన కొత్తలో కువైట్ వెళ్ళిపోయాడు. తొమ్మిదేళ్ళు అతని సిక్సర్లను తలుచుకుంటూ బతికారు మిగతావాళ్ళు. ఈలోపల ఆ చోట మా కాలేజీ డిగ్రీ కుర్రాడొకడు కుదురుకున్నాడు. పల్లె నుంచి బస్సులో వచ్చేవాడు. కడపలో రంజీ ఆట జరుగుతున్నదంటే గువ్వలచెరువు ఘాటు దాటి వెళ్ళి, ఎండలో కూర్చుని చూసి వచ్చేవాడు. సంక్రాంతి పోటీలకు నన్ను లెక్కలు రాయటానికి కూర్చోబెట్టేవారు గనుక వాడి ఆట నాకు అంకెలతో సహా తెలుసు.

ఒక సంక్రాంతికి కువైటాయన వచ్చాడు. "ఏం సార్, మనోడొచ్చినాడు కదా, ఇంగ మనకెదురేముంది!" అని నాతో అన్నారు జట్టువాళ్ళు. దండ వేశారు, మూడో స్థానం ఇచ్చారు. ఆయన్ను తప్పుపట్టను. ఎడారిలో ఎన్ని రాత్రులు ఈ మైదానాన్ని కలగన్నాడో. నాలుగు ఆటలాడి, నెల తిరక్కుండా మళ్ళీ విమానమెక్కాడు. కుర్రాడు ఆ నాలుగు ఆటలకూ మంచినీళ్ళు అందించాడు. ఒక్కమాట అనలేదు. ఆయన వెళ్ళాక జట్టువాళ్ళు కబురు పెడితే రాలేదు. కాలేజీ వరండాలో కనిపిస్తే అడిగాను. "చదువుకోవాల సార్" అన్నాడు. పరీక్షలు అప్పటికే అయిపోయాయి. మళ్ళీ వాడు బ్యాటు పట్టుకోగా నేను చూడలేదు.

పెద్ద ఆటగాడు అలిగితే పత్రికలు రాస్తాయి. పిల్లవాడు అలిగితే లెక్కల పుస్తకంలో ఒక పేరు తగ్గుతుంది, అంతే. తొమ్మిదేళ్ళకు తిరిగొచ్చిన తండ్రికి ఇంట్లో తన కుర్చీ కావాలనిపించటం సహజం. ఆ కుర్చీలో కూర్చుని ఇన్నాళ్ళూ కిరాణా కొట్టు లెక్కలు చూసిన పెద్దకొడుకు ముఖం కూడా ఆ ఇంటి ఇల్లాలు చూసుకోవాలి. ఇద్దరూ ఆమెవాళ్ళే.

కనుక నా తీర్పు ఇది. లేచి వెళ్ళినవాడు తిరిగొస్తే తలుపు తీయండి. కాళ్ళకు నీళ్ళివ్వండి. ఎందుకు లేచాడో, అందులో ఇంటివారి తప్పెంతో కూడా విచారించండి. పిలిచి విస్తరి వెయ్యకపోవటం చిన్న తప్పేమీ కాదు. చోటు ఖాళీగా ఉంటే వెంటనే కూర్చోబెట్టండి. లేకపోతే రెండో బంతి దాకా ఆగమనండి. నిజంగా ఆట మీద ఆకలితో వచ్చినవాడు ఆగుతాడు. ఆగుతూ, ఆ పక్క కుర్రాడికి రెండు మెలకువలు కూడా నేర్పుతాడు. ఆగలేనివాడు ఆట కోసం వచ్చాడో, దండ కోసం వచ్చాడో అప్పుడే తెలిసిపోతుంది.